కడిగినందుకా, ఆరబెట్టినందుకా: నా రేటు కార్డు డైరీ

మొదటి రోజు, ఆదివారం రాత్రి

నెల్లూరులో నాది సోఫాలు, కార్పెట్లు కడిగి ఆరబెట్టే పని. నిన్న సాయంత్రం కోటమిట్టలో ఒక మసీదు కమిటీ వాళ్ళు పిలిచి కడగాల్సిన కార్పెట్ చూపించారు, కొలిస్తే 1,800 చదరపు అడుగులు తేలింది, నేను అడుక్కి 6 రూపాయలు అన్నా. ముతవల్లి (మసీదు వ్యవహారాలు చూసుకునే పెద్ద) సాబ్ కోప్పడలేదు, బేరం కూడా ఆడలేదు, "ఇంకొకాయన 3 రూపాయలకి చేస్తానన్నాడు బాబూ, నువ్వు దానికి రెట్టింపు చెప్తా ఉండావు, ఎందుకో చెప్పు, సబబుగా ఉంటే ఇస్తాం" అన్నాడు. నేను చెప్పలేకపోయా. మా మిషన్ మంచిది సాబ్, కెమికల్ మంచిది సాబ్ అని నసిగి వచ్చేసినా. ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు ఆ 6 ఎక్కడ్నించి వచ్చిందో నాకే తెలీదు. చెన్నైలో నేను పనిచేసిన కంపెనీ 7 తీసుకునేది, నెల్లూరు గదా అని ఒక రూపాయి తగ్గించి చెప్పడం అలవాటైంది, అంతే.

అందుకే ఈ డైరీ. నెల రోజుల్లో నా పనులన్నిటికీ లెక్క కట్టి రేటు కార్డు రాయాలి, ప్రతి రేటు పక్కన అది ఎందుకో ఒక్క ముక్కలో చెప్పగలగాలి. దాంతోపాటు పని మొదలుపెట్టేముందు కస్టమర్ చేత సంతకం పెట్టించుకునే కాగితం ఒకటి. ముతవల్లి సాబ్‌ని నెల టైం అడిగినా, సరే అన్నాడు.

నా సంగతి రవంత. 2021 నవంబర్‌లో సోమశిల డ్యాం నుంచి నీళ్ళొదిలి పెన్నా పొంగినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి హైవే కూడా తెగినప్పుడు నేను చెన్నైలో ఉన్నా. దారి తెరిచినాక కోవూరు వైపు మా మేనత్తోళ్ళ ఇంటికి పోతే నడుం లోతు నీళ్ళు నిలిచి పోయిన ఇల్లు, బురద తీసేసినారు, కడిగేసినారు, అయినా పదిహేను రోజులకి బీరువా వెనక బూజు, పరుపుల్లో ముక్కిపోయిన వాసన. కడగడానికి మనుషులు దొరికినారు, ఆరబెట్టేవాళ్ళు ఊళ్ళో ఒక్కరు లేరు. ఆ తర్వాతి ఏడాది చెన్నై వదిలేసి వచ్చి ఈ పని పెట్టుకున్నా. నేను, మా తమ్ముడు, వేడి నీళ్ళు కొట్టి వెంటనే లాగేసే మిషన్ ఒకటి, తడి లాగే వాక్యూమ్ ఒకటి, బ్లోయర్లు మూడు, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఒకటి. ఎక్కువ సోఫాలే, తర్వాత పరుపులు, ఫంక్షన్ హాళ్ళు, టెంట్ హౌస్ వాళ్ళ ఎర్ర కార్పెట్లు, వానాకాలంలో నీళ్ళొచ్చిన ఇళ్ళు.

4వ రోజు

రాత్రి కూర్చొని నెల ఖర్చంతా రాసినా. తమ్ముడి జీతం 16,000. సామాన్లు పెట్టుకునే రూము 5,000. బండి కంతు 9,500, డీజిల్ 7,000. మిషన్ల రిపేరుకీ, రేపు అవి పోతే కొత్తవి కొనడానికీ పక్కన పెట్టాల్సింది 4,500 (ఇన్నాళ్ళూ ఒక్క రూపాయి పెట్టలేదు, పోయినేడు పంపు కాలిపోతే ఇంట్లో గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చినా). ఫోను, కార్డులు, ప్రచారం 1,500. ఇంతవరకు రాసి మొత్తం వేయబోతా ఉంటే మా ఆవిడ వెనకనించి చూసి "నీ జీతం ఏదీ?" అంది. మిగిలిందే నా జీతం అనుకుంటా వచ్చినా నేను. చెన్నైలో నాకు 25,000 ఇచ్చేవాళ్ళు, అదే రాసినా. మొత్తం 68,500.

ఇప్పుడు గంటలు. నెలకి 24 రోజులు పని దొరుకుతుంది, ప్రయాణం, సామాను దించడం, ఎక్కించడం తీసేస్తే రోజుకి 5 గంటలు నిజంగా పనిమీద ఉంటాం, అంటే 120 గంటలు. 68,500ని 120తో భాగిస్తే గంటకి 571 రూపాయలు. కెమికల్ దీని పైన. లాభం ఇంకా వేయలేదు.

ఈ 571 పట్టుకొని పాత బిల్లులు చూస్తే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు అయింది. 5 సీట్ల సోఫాకి 1,250 తీసుకుంటా ఉన్నా, పట్టేది రెండుంపావు గంట, అంటే 1,285 ఖర్చు, కెమికల్ ఇంకో 80. ప్రతి సోఫాకీ నా జీతంలోంచి 115 రూపాయలు కస్టమర్‌కి ఇచ్చి వస్తా ఉన్నా. అదీ వాళ్ళు బేరమాడి వంద తగ్గించకపోతే.

తమ్ముడు అడిగినాడు, "అన్నా, మరి 250కి సీటు చేసేవాళ్ళు ఎట్టా బతుకుతా ఉండారు?" అని. వాళ్ళు ఒక ఇంట్లో ముక్కాలు గంటకంటే ఎక్కువ ఉండరు. నురుగు చేసి బ్రష్‌తో రుద్దుతారు, పైపైన గుడ్డతో తుడుస్తారు, సోపు లోపలే ఉండిపోతుంది. ఆ జిడ్డు సోపుకి దుమ్ము అతుక్కొని నెలన్నరకే సోఫా ముందుకంటే మాసిపోతుంది, కస్టమర్ ఏమనుకుంటాడంటే సోఫా కడిగిస్తే తొందరగా మాస్తుంది అనుకుంటాడు, ఇంక మళ్ళీ ఎవర్నీ పిలవడు. నాకు ఆ 250 కంటే ఈ మాట ఎక్కువ నష్టం.

9వ రోజు

ఇవాళ కాగితం సంగతి. పని ముందు ఏం చెప్పాలి అనేది.

రెండేళ్ళ కింద జరిగింది రాస్తా, ఇది రాయకుండా కాగితం రాయలేను. ఒక డాక్టర్ గారింట్లో ఉన్ని కార్పెట్, బిస్కెట్ రంగు నేల మీద ఎర్ర పూలు. మామూలు సింథటిక్‌కి వాడే ఘాటు సోపే వేసినా, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) పది పైన ఉంటుంది అది. ఉన్నికి క్షారం పడదు, మన జుట్టు లాంటిదే గదా, దానికి పీహెచ్ ఎనిమిది దాటకూడదు. ఎర్ర రంగు బిస్కెట్ రంగులోకి పాకింది, మిగతాది పసుపు తిరిగింది. ఆ సారు ఒక్క మాట అనలేదు, మౌనంగా చూసినాడు. నేను 8,000 కట్టినా, మూడు నెలలు కంతులుగా. రంగు దిగుతుందో లేదో చూడాలంటే తెల్ల గుడ్డ తడిపి ఒక మూల పది నిమిషాలు అదిమి పెట్టి తీసి చూస్తే చాలు. పది నిమిషాల పని, నేను చేయలేదు.

అందుకని కాగితంలో మొదటి గడి అదే, తెల్ల గుడ్డ పరీక్ష, దిగిందా లేదా, కస్టమర్ కళ్ళముందు చేసి ఆ గుడ్డ ఫోటో. రెండోది, ఏవి పోవో ముందే రాయడం. మన ఇళ్ళల్లో పెద్ద సమస్య పసుపు మరక. పేరంటం అయినాక సోఫా చేతుల మీద, కుర్చీ వీపుల మీద పసుపు చేతులు పడతాయి, వాళ్ళు కంగారుగా సర్ఫ్ నీళ్ళతో రుద్దుతారు, అది ఎర్రగా తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, సర్ఫ్‌లో ఉండే క్షారమే సున్నం పని చేస్తుంది. వాళ్ళు రక్తం మరక అనుకొని ఇంకా రుద్దుతారు. దానికి సోపు కంటే ఎండ మంచిది, వెలుతురు తగిలే కొద్దీ పసుపు దానంతటదే వెలుస్తుంది. కుషన్ కవర్ అయితే "ఇది నాకు ఇవ్వొద్దమ్మా, రెండు రోజులు మిద్దె మీద ఎండేయండి" అని చెప్పేస్తా. డబ్బులు రావు, కానీ ఆ ఇల్లు నాది అవుతుంది.

13వ రోజు

రెండు రోజుల్నించి ఒకటే వాన. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలిచి చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. పొద్దున ఆరింటికే ఫోను, పొదలకూరు రోడ్డు వైపు ఒక కాలనీ, కింద ఇల్లు, రాత్రి కాలవ ఎదురు తన్ని హాల్లోకి, రెండు గదుల్లోకి నీళ్ళొచ్చినాయి. మేం పోయేసరికి నీళ్ళు తీసినాయిగానీ గోడ మీద జానెడు ఎత్తున గీత కనిపిస్తా ఉంది. రిటైరైన టీచరమ్మ, ఆమె అత్తగారు, ఇద్దరే.

లోపలికి పోకముందే మెయిన్ ఆఫ్ చేసినారా అమ్మా అనడిగినా, చేసినాం అన్నారు. ఇన్వర్టర్? దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. మెయిన్ కట్టేస్తే ఇన్వర్టర్ ఆన్ అయి తడిసిన ప్లగ్గుల్లోకి కరెంటు పంపిస్తానే ఉంటుంది. ముందు అది ఆపినా. బూట్లు, గ్లౌజులు లేకుండా తమ్ముణ్ణి దిగనీయలేదు, కాలవ నీళ్ళల్లో ఎలుకల జ్వరం వస్తుంది, కాలికి చిన్న గీత ఉన్నా చాలు.

నీళ్ళు అన్నీ ఒకటి కావు. అమెరికాలో ఈ పనికి ఐఐసీఆర్సీ అని ఒక సంస్థ ఉంది, 1972లో పెట్టినారు, వాళ్ళ ఎస్500 అనే ప్రమాణంలో నీళ్ళని మూడు రకాలు చేస్తారు. కుళాయి పైపు పగిలితే వచ్చేది మొదటి రకం, వాషింగ్ మిషన్ నీళ్ళ లాంటివి రెండో రకం, డ్రైనేజీ, వరద నీళ్ళు మూడో రకం. మొదటి రకం కూడా రెండు మూడు రోజులు అట్టే వదిలేస్తే కిందికి దిగజారుతుంది. రకాన్ని బట్టి పని మారుతుంది, పనిని బట్టి రేటు. చెన్నైలో మా సూపర్‌వైజర్ ఇది గోడకి అంటించి మా చేత చదివించేవాడు, అప్పుడు విసుక్కునేవాణ్ణి.

ఇది మూడో రకం. అందుకని రెండు పరుపులు, సోఫా కుషన్ల స్పంజీ పారెయ్యాల్సిందే అని చెప్పినా. టీచరమ్మ "కడిగి ఎండబెడితే రాదా నాయనా, పోయినేడే కొన్నాం" అంది. రాదమ్మా, పైన ఆరుతుంది, లోపల మురుగు ఉంటుంది, మీ అత్తగారు దాని మీద పడుకోవాలి గదా అన్నా. కడిగి ఇస్తానంటే పరుపుకి 800 చొప్పున వచ్చేవి. పారెయ్యకముందే అన్నిటికీ ఫోటోలు తీయించినా, గోడ మీద గీత కూడా పడేట్టు, ఎందుకంటే వాళ్ళు ఇంటి లోను తీసుకున్నప్పుడు భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ కట్టించినారంట, ఆమెకి అది వరదకి కూడా వర్తిస్తుందని తెలీదు. బీమా సర్వేయర్‌కి ఫోటో కావాలి, విడివిడిగా రాసిన బిల్లు కావాలి. "ఇల్లు క్లీనింగ్ మొత్తం ఇంత" అని చీటీ రాసిస్తే ఆమెకి ఎందుకూ పనికిరాదు. ఇది నాకు ఇవాళే తట్టింది, మన బిల్లు మన డబ్బులకోసమే కాదు, దాంతో ఆమెకి రావాల్సిన డబ్బులు కూడా ముడిపడి ఉన్నాయి.

ఇంకొకటి. హాల్లో దివాన్ మీద పరిచిన తివాచీ, ఆరు నాలుగు అడుగులది, సగం కిందికి వేలాడి తడిసింది. అవ్వ దాన్ని పట్టుకొని వదల్లేదు. ఏలూరు తివాచీ, చేత్తో నేసిన ఉన్ని, పుట్టింటి వాళ్ళు పెళ్ళికి పెట్టిందంట. రూలు ప్రకారం మూడో రకం నీళ్ళు తాగింది పారెయ్యాలి, కానీ విలువైన వాటికి మినహాయింపు ఉంది, జాగ్రత్తగా కడగొచ్చు. ఉన్నికి బ్లీచింగ్ పనికిరాదు, కరిగిపోతుంది. నేను గ్యారంటీ ఇవ్వలేనవ్వా, రంగు దిగొచ్చు, ఒప్పుకుంటే తీసుకుపోతా అని కాగితం మీద రాసి చదివి వినిపించినా. అవ్వ వేలిముద్ర వేయబోతే టీచరమ్మ చేయి పట్టి సంతకం చేయించింది.

14 నుంచి 17

కొటేషన్ 14,240. నేల, గోడ అడుగు శుభ్రం చేసి మందు కొట్టడానికి 6,200, తివాచీకి అడుక్కి 60 చొప్పున 1,440, నాలుగు రోజులు ఆరబెట్టడానికి రోజుకి 1,650 చొప్పున 6,600. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడో దాని దగ్గర ఆగింది. హైదరాబాద్‌లో ఉండే వాళ్ళబ్బాయి ఫోన్లో, "ఫ్యాన్లు వేసి కిటికీలు తెరిస్తే ఆరదా? గాలి ఆడించడానికి ఆరు వేలా?" అన్నాడు.

తప్పులేదు, నేనయినా అడుగుతా. నా చేతిలో ఉన్న తేమ మీటర్‌లో బయట గాలి 91 శాతం చూపిస్తా ఉంది. ఆ గాలికి ఇంక నీళ్ళు పట్టుకునే చోటు పెద్దగా లేదు, కిటికీ తెరిస్తే వాన తేమే లోపలికి వస్తుంది. కిటికీలు మూసేసి బ్లోయర్లతో గోడలోంచి, నేలలోంచి తేమని గాలిలోకి లేపి, ఆ గాలిలోంచి డీహ్యుమిడిఫయర్‌తో పిండాలి. ఇదంతా ఫోన్లో చెప్తే ఆ అబ్బాయికి ఎక్కలేదు. సరే, ఒక్క రాత్రి పెట్టి చూడండి, నచ్చకపోతే రేపు పొద్దున తీసేసుకుపోతా, డబ్బులొద్దు అన్నా.

పొద్దున పోయేసరికి టీచరమ్మ గడప దగ్గరే ఉంది. డీహ్యుమిడిఫయర్ పైపు కింద పెట్టిన బకెట్ చూపించింది. కంటికి తడి కనిపించని గదిలోంచి రాత్రికి రాత్రి 11 లీటర్లు. "ఇన్ని నీళ్ళు గోడలో ఉండాయా నాయనా" అని ఆ బకెట్ ఫోటో తీసి కొడుక్కి పంపింది. ఇంక రేటు మాట రాలేదు. రెండో రోజు 13, మూడో రోజు 7, నాలుగో రోజు 3. మొత్తం 34 లీటర్లు, ఇళ్ళకి వేసే తాగునీళ్ళ క్యాన్లతో కొలిస్తే రెండు క్యాన్లకి రవంత తక్కువ. ప్లైవుడ్ కప్‌బోర్డు అడుగున మీటర్ గుచ్చితే తేమ మొదటి రోజు 38 శాతం, నాలుగో రోజు 15. ప్రతి రోజూ ఆ అంకెలు తలుపు వెనక అంటించిన కాగితం మీద రాసి ఆమె చేత సంతకం.

గోడ మాత్రం నా చేతిలో లేదు. సిమెంటు గోడ తాగిన నీళ్ళు పైకి పాకుతానే ఉంటాయి, రెండు నెలలు పుట్టీ, పెయింటు ముట్టుకోవద్దన్నా. పెయింటర్ సంక్రాంతికి ముందే వేస్తానన్నాడంట. వేస్తే ఉబ్బి రాలుతుందమ్మా, అప్పుడు అతన్ని అంటారు గానీ తప్పు గోడది అని చెప్పినా.

19వ రోజు

తివాచీ. ముందు ఆరబెట్టి వెనక తట్టి మట్టి దులిపినాం, చేటెడు వచ్చింది, అందులో ఒక చెవి దుద్దు శీల కూడా. ఎర్ర రంగు తెల్ల గుడ్డకి కొంచెం అంటింది, నీలం అంటలేదు. చల్లనీళ్ళు, ఉన్నికి వాడే సోపు, చివర్లో నీళ్ళల్లో కొంచెం తెల్ల వెనిగర్, రంగు నిలబడటానికి. వేలాడదీయలేదు, తడి బరువుకి సాగుతుంది, మంచం మీద పరిచి రెండు పక్కలా బ్లోయర్. కుచ్చులు నూలువి, అవి కొంచెం గోధుమ రంగు తిరిగినాయి, మళ్ళీ ఒకసారి తడిపి తుడిస్తే సగం పోయింది, సగం ఉంది. ఉందని అవ్వకి చూపించే ఇచ్చినా. ఆమె కుచ్చులు చూడలేదు, తివాచీ ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది, శీల చేతిలో పెడితే మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

24వ రోజు

కార్డు తయారైంది. సోఫా సీటు 340, ఇంటికొస్తే కనీసం 1,500. కార్పెట్‌కి రెండు గడులు, కడగడం వేరు, ఆరబెట్టడం వేరు, ఎందుకంటే టెంట్ హౌస్ వాళ్ళకి గోడౌన్ ఉంది, వాళ్ళే ఆరబెట్టుకుంటారు, వాళ్ళ దగ్గర ఆ డబ్బులు తీసుకోవడం న్యాయం కాదు. తడిసిన ఇళ్ళకి రోజు లెక్క, మీటర్ అంకె దిగితే మిషన్ తీసేస్తాం, లెక్క ఆపేస్తాం. జీఎస్టీ నాకింకా లేదు, సర్వీసులకి ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే, అందుకని బిల్లు మీద జీఎస్టీ అని ఎవరి దగ్గరా తీసుకోకూడదు, తీసుకుంటా ఉన్నవాళ్ళని చూసినా, అది దొంగతనం.

మసీదు లెక్క మళ్ళీ వేస్తే భయం వేసింది. ఐదు పూటలా నమాజు, ఇషా అయి జనం పోయేసరికి రాత్రి ఎనిమిదిన్నర, మళ్ళీ ఫజర్‌కి ఐదింటికల్లా వస్తారు. ఆ మధ్యలోనే కడిగి ఆరబెట్టాలి, సజ్దాలో నుదురు ఆనించే చోటు అది, తడి గానీ వాసన గానీ ఉండకూడదు. ఒక రాత్రికి కాదు, రెండు రాత్రులు, 14 గంటలు, అంటే 7,994. అద్దెకి బ్లోయర్లు నాలుగు, రెండు రాత్రులకి 1,200. కెమికల్ 900. ఐదో వంతు లాభం కలిపితే 12,100 పైన. అడుక్కి 6 రూపాయల 75 పైసలు. నేను తగ్గించి చెప్పాల్సింది పోయి పెంచాల్సి వచ్చింది.

27వ రోజు

పోయి కాగితం ముతవల్లి సాబ్ ముందు పెట్టినా. ఆయన కళ్ళజోడు పెట్టుకొని ఒక్కో వరసా చదివినాడు, బ్లోయర్ల దగ్గర ఆగి "ఇదేంది" అంటే ఫజర్ సంగతి చెప్పినా. పోయినసారి కడిగించినప్పుడు ఆరక, మూడు రోజులు పైన చాపలు పరిచి నమాజు చేసినారంట, పిల్లలు జారి పడినారంట. కమిటీలో ఒకాయన "రేటు పెంచుకొని వచ్చినాడే" అన్నాడు. సాబ్ కాసేపు ఆలోచించి, "ముందు సగం చెయ్యి, ఖిబ్లా (నమాజుకి మొహం పెట్టే దిక్కు) వైపు 900 అడుగులు. పొద్దున నేనే చూస్తా. నచ్చితే మిగతాది" అన్నాడు. 6,075. అడ్వాన్స్ రెండు వేలు అక్కడే లెక్కపెట్టి ఇచ్చినాడు.

30వ రోజు, తెల్లవారుజాము

రాత్రి 8:40కి మొదలుపెట్టినాం. ముందు పొడి వాక్యూమ్, రెండు సంచులు ఇసక. తర్వాత వరస వరసకీ ఒకసారి కొట్టడం, రెండు సార్లు లాగడం. ఒంటిగంటకి కడగడం అయిపోయింది, ఏడు బ్లోయర్లు పెట్టినాం. రెండున్నరకి అద్దె బ్లోయర్ ఒకటి కీచుమని ఆగిపోయింది, గోడ వారగా మూడో వరసలో. మిగతా వాటిని జరిపి సర్దినా కానీ ఆ మూల వెనకబడింది.

4:45కి సాబ్ వచ్చినాడు. ఆయన అడక్కముందే ఆ మూలకి తీసుకుపోయి ఇక్కడ ఇంకా తేమ ఉంది సాబ్, నాలుగు అడుగుల మేర, బ్లోయర్ ఆగింది అని చెప్పినా. ఆయన వంగి అరచెయ్యి ఆనించి చూసినాడు, తర్వాత మొదటి వరస మధ్యలో ఆనించినాడు, తర్వాత చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లోపలికి పోయి పొడి జానమాజ్ (నమాజు చాపలు) రెండు తెచ్చి ఆ మూల పరిచి, "మిగతా సగం మంగళవారం రాత్రి" అన్నాడు.

అద్దె షాపు వాళ్ళకి ఆ బ్లోయర్ ఇవాళే వెనక్కి ఇవ్వాలి. మంగళవారానికి నా సొంతది నాలుగోది కొనేస్తా, రిపేరు డబ్బులు పక్కన పెట్టినవి మొదటి నెలవి 4,500 ఉన్నాయి, మిగతాది ఈ 6,075లోంచి.